వెనక సీట్లో పెరుగు ముంత

"నేను ఇగ ఏ బండీ ఎక్కను."

బతుకమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఆ మాట అన్నది. మూడు రోజుల్లో ఆమె నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే.

వాకిట్లో కారు నిలబడి ఉంది. టైర్లతో తొక్కించిన నిమ్మకాయల తొక్కలు అక్కడే ఎండుతున్నాయి. ముందు అద్దం మీది బంతిపూల దండ వాడిపోయింది. ఎవరూ తీయలేదు.

వీరేందర్ గని డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. బూట్లు కూడా విప్పకుండా తల్లి మంచం దగ్గర నిలబడ్డాడు.

"శుక్రవారం ఖమ్మం పోవాలె అమ్మా. పోయినసారి తప్పించినం. ఇంకోసారి తప్పిస్తే కాళ్లు పట్టు తప్పుతయన్నడు డాక్టరు. ఎరుకేనా నీకు?"

"ఎరుకే."

"మరి?"

"తప్పితే తప్పనియ్యి."

వీరేందర్ తండ్రివైపు చూశాడు. పిచ్చయ్య గడప పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కారు వైపు చూస్తున్నాడు.

ఆరు నెలల కింద బతుకమ్మ బట్టలు ఉతికే బండ దగ్గర జారిపడింది. వెన్నుపూస విరిగింది. ఖమ్మంలో ఆపరేషన్ చేసి నడుములో రెండు కడ్డీలు వేశారు. పదిహేను రోజులకోసారి ఇంజక్షన్ ఉంటుంది. కాళ్లకు కసరత్తు చేయిస్తారు. సత్తుపల్లి నుంచి ఖమ్మం దాకా ప్రతి గుంతా ఆ కడ్డీలకు తగులుతుంది. బస్సులో తీసుకుపోయారు. కిరాయి జీపులో తీసుకుపోయారు. చివరికి కారే కొన్నారు. మొన్న ఆదివారం పిచ్చయ్య ఆమెను అందులో పెనుబల్లి దాకా తిప్పి తెచ్చాడు. ఆమె దిగింది. మంచం ఎక్కింది. గోడవైపు తిరిగింది.

"నేను చెప్పిన బండి కొంటే గిట్ల అయ్యేదా?" అన్నాడు వీరేందర్. "ఎత్తు బండి. పెద్ద చక్రాలు. లోకమంత అదే కొంటున్నది."

"లోకం నడుముల కడ్డీలు లేవు," అన్నాడు పిచ్చయ్య.

"మరి నువ్వు కొన్నదాంట్ల అమ్మ ఎందుకు పడుకున్నది?"

పిచ్చయ్య మళ్లీ కారు వైపు తిరిగాడు.

"ఒక్క మాట అడుగుత నాన్నా. అమ్మ కోసం కొన్నవా, నీ సరదాకు కొన్నవా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కోడలు అరుణశ్రీ తలుపు దాకా వచ్చి నిలబడింది.

పిచ్చయ్య లేచి బయటికి నడిచాడు. కుడికాలి చెప్పు స్టూలు దగ్గరే ఉండిపోయింది. ఆయన ఎడమకాలి చెప్పుతో వాకిలి దాటాడు.

*

రెండూ నిజమే. ఆమె కోసం కొన్నాడు. తన సరదాకూ కొన్నాడు. రెండూ ఒకే బండిలో దొరుకుతాయా అని నెల రోజులు తిరిగాడు.

ఇరవై తొమ్మిదేళ్లు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపాడు. ఇల్లంత బండి. పైకి రాయి, కిందికి ఖాళీ. అది నడిపినట్టు ఉండదు, అది పోతుంటే మీద కూర్చున్నట్టు ఉంటుంది. రిటైరయ్యాక ఒక్కసారైనా చేతి మాట వినే బండి నడపాలని అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

పాత కార్లు అమ్మే జైరాం షెడ్డులో మూడు బండ్లు నడిపి చూశాడు.

మొదటిది వీరేందర్ మెచ్చిన ఎత్తు బండి. జైరామే పెదవి విరిచాడు. "చూపుకు బాగుంటది పిచ్చయ్యన్నా. రిమ్ము పెద్దది, టైరు పలచన. గుంత సక్కగ నడుముకే తాకుతది. టైరు లావుగ ఉంటే గుంతను అదే మింగుతది."

రెండోది మెత్తటిదే. మరీ మెత్తన. మలుపు తిప్పితే పడవలా ఊగింది. స్టీరింగ్ చేతిలో ఉంది గానీ చక్రాలు ఎక్కడున్నాయో తెలియలేదు. దిగి తలుపు వేసి, "పరుపు మీద పండుకొని నడిపినట్టుంది," అన్నాడు.

మూడోది బూడిద రంగుది. తొమ్మిదేళ్ల బండి. పొడుగ్గా, నేలకు దగ్గరగా ఉంది. చిన్న రిమ్ములు, లావు టైర్లు. అశ్వారావుపేట రోడ్డు మీద పామాయిల్ తోటల మధ్య మలుపు వచ్చింది. పిచ్చయ్య చెయ్యి కొంచెం తిప్పాడు. బండి కొంచెం వంగి, మలుపు తిరిగి, మళ్లీ తనంతట తాను నిలబడింది. అడిగినంతే చేసింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"ఇదే," అన్నాడు.

"వదినె ఎనక పండుకొని గద వచ్చేది. ఒకసారి ఎనక కూసోని చూడన్నా," అన్నాడు జైరాం.

"అక్కెరలేదు. మెత్తగనే ఉంది."

డంపర్ దిగిన మనిషికి ఏ బండైనా మెత్తగానే ఉంటుంది. ఆ మాట ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

*

మరునాడు పొద్దున హేమ్లి వచ్చింది. తండా నుంచి పెరుగు ముంతలు తెచ్చి కాలనీలో అమ్ముతుంది. ఆమె మొగుడు భద్రు ఆటోలోనే వస్తుంది. ఇంకొకరి ఆటో ఎక్కదు.

లోపలికి పోయి బతుకమ్మ మంచం పట్టె మీద కూర్చుంది.

"ఏందక్కా, గోడల ఏం కనపడుతున్నది? టీవీ పెట్టించిండ్రా?"

బతుకమ్మ నవ్వలేదు.

"కారు మంచిగ లేదా?"

బతుకమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"నడుము గుంజుతున్నదా?"

"నన్ను అడగకు హేమ్లీ."

హేమ్లి పట్టె మీది నుంచి లేచింది. తర్వాత బయటికి వచ్చి కారు వెనక తలుపు తెరిచి, సీటును అరచేత్తో నొక్కి చూసింది. పిచ్చయ్య టైరు మీది మట్టి తుడుస్తున్నాడు.

"ఈ సీట్ల నువ్వు ఎన్నిసార్లు కూసున్నవన్నా?"

"కూసోలే."

"మరి మెత్తగుందని ఎట్ల తెలిసె?"

"నడిపిన గద."

హేమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నడిపేటోనికి ఏం తెలుస్తదన్నా మెత్తదనం? నా ముంతను అడుగు. గడ్డపెరుగు అబద్ధమాడది. బండి ఎగిరితే చెదురుతది, నీళ్లు విడుస్తది. నీళ్లు తేలిన పెరుగు ఈ కాలనీల ఒక్కరన్న కొంటరా?"

ఆటో దగ్గర నిలబడ్డ భద్రు అందుకున్నాడు. "నేను డ్రైవింగ్ నేర్చుకున్నది గట్లనే అన్నా. ముంత చెదిరిన దినం నాకు బువ్వ లేదు. నెల రోజులల్ల సన్నబడ్డ. తర్వాత డ్రైవింగ్ వచ్చింది."

"సన్నబడ్డడంట," అంది హేమ్లి. "ఆటో ఎక్కితే ముందు చక్రం ఏడుస్తది."

ఆమె పాత చీర ముక్కను చుట్టగా చుట్టి వెనక సీటు మీద పెట్టింది. దానిలో ఒక ముంతను కుదురుగా కూర్చోబెట్టింది. మీద విస్తరాకు కట్టింది.

"పోయి రా అన్నా. కాలనీ గేటు దాటి, బొగ్గు లారీల రోడ్డు మీద నుంచి మర్లి రా. అక్క పోయేది కూడ అసువంటి రోడ్డే గద."

అలికిడికి వీరేందర్ బయటికి వచ్చాడు. "ఏందిది? కారా, పెరుగు బండా?" అన్నాడు.

పిచ్చయ్య స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. భద్రు పక్క సీట్లో కూర్చున్నాడు.

*

బండి కదలగానే పిచ్చయ్య భుజాల బిగువు సడలింది.

ఈ మధ్య ఆయనకు దేనిమీదా మనసు నిలవడం లేదు. అన్నం రుచి తెలియదు. కొడుకు అరిచినా దూరం నుంచి అరిచినట్టే ఉంటుంది. బతుకమ్మ పడ్డ రోజు కూడా ఆయన ఏడవలేదు. అంబులెన్సు నంబరు చూసుకుంటూ నిలబడ్డాడు. ఈ స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం రోడ్డు చేతుల్లోకి వస్తుంది. ఎక్కడ గరుకు, ఎక్కడ నున్నన, ఎక్కడ వాలు. అంతవరకు తెలుస్తుంది.

బైపాస్ మీద లారీలు రోడ్డును దున్నేశాయి. నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటాడు. అవతల తిప్పుకుని మళ్లీ నాలుగు దాటాడు. ఒకచోట గేదె అడ్డం వస్తే ఆపాడు.

భద్రు మొదట్లో మాట్లాడుతూ ఉన్నాడు. తర్వాత మాట ఆపి, రోడ్డు చూడటం మానేసి కిందికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటి ముందు ఆగాక హేమ్లి విస్తరాకు విప్పింది. గడ్డ నాలుగు ముక్కలైంది. మధ్యలో పచ్చటి నీళ్లు తేలాయి. సీటు మీద కూడా ఇన్ని చిందాయి.

హేమ్లి ముంత చేతిలోకి తీసుకుంది.

"చూసినవా నాన్నా?" అన్నాడు వీరేందర్. "ముంతే చెప్తున్నది. బండి మంచిది గాదు. జైరాంకు ఫోన్ కొడుతున్న. వాపస్ తీసుకపొమ్మంట."

"జర ఆగు వీరేందర్," అన్నాడు భద్రు. "ఇంకో ముంత ఉంది. ఈసారి నేను నడుపుత."

"ఎవరు నడిపితే ఏంది, బండి అదే గద?"

"ఆటో నడిపి నడిపి మొఖం మొత్తింది తమ్మీ. ఒక్కసారి కారు నడపనియ్యి. మీ నాయన ఎనక కూసుంటడు, ముంతకు తోడు."

పిచ్చయ్య మొదటిసారి తన కారు వెనక సీట్లో కూర్చున్నాడు.

అదే గేటు. అదే బైపాస్. అవే స్పీడ్ బ్రేకర్లు. పిచ్చయ్య నడుముకు అప్పుడూ ఏమీ తెలియలేదు. అందుకని ముంతను చూస్తూ కూర్చున్నాడు. ఈసారి విస్తరాకు కట్టలేదు. గడ్డ మీది మీగడ వణికింది, సర్దుకుంది. మళ్లీ వణికింది, సర్దుకుంది.

పిచ్చయ్య తల ఎత్తి రెండు సీట్ల సందులోంచి భద్రు కాలు చూశాడు. స్పీడ్ బ్రేకర్ ఇంకా చాలా దూరం ఉండగానే ఆ కాలు బ్రేకు మీదికి వచ్చింది. పొంగే పాల కింద మంట తగ్గించినట్టు, కొంచెం కొంచెంగా నొక్కింది. బ్రేకర్ వచ్చేసరికి కాలు లేచిపోయింది. బండి ఎక్కిందీ దిగిందీ తెలియలేదు.

తిరిగివచ్చే దారిలో భద్రు బండి పక్కకు తీసి ఆపాడు.

"అన్నా."

"ఊఁ."

"ఇందాక నీ కాలు చూసిన. నువ్వు కిందికి చూస్తే గని నీ కాలు బ్రేకు దొరకబట్టలేదు. దొరికినంక దబ్బున పడ్డది."

పిచ్చయ్య ముంత వైపే చూస్తున్నాడు.

"ఎన్ని దినాలాయె?"

"రెండేండ్లు."

"స్పర్శ అసలే లేదా?"

"మడిమె దగ్గర ఇంత ఉంది. ముందర లేదు."

"ఇంట్ల ఎవరికన్న ఎరుకనా?"

"లేదు."

"వదినెకు?"

"ఎవ్వరికీ ఎరుకలేదంటి గద."

పక్కనుంచి బొగ్గు లారీ పోయింది. కారు కొంచెం ఊగింది. పెరుగు చెదరలేదు.

"బండి బంగారమన్నా," అన్నాడు భద్రు మెల్లగా. "నేను ఇసువంటిది ఎన్నడూ నడపలే. పూలల్ల పెట్టి తీసుకపోయినట్టు పోతది. గని కాలు... వదినె నడుము ఒక్కటే గాదు. గేదె అడ్డమొచ్చింది గద. గేదె జాగల పిల్లగాడుంటే?"

భద్రు బండి తీశాడు.

*

ముంతలో పెరుగు వంచితే కదలనంత గట్టిగా ఉంది.

వీరేందర్ నమ్మలేకపోయాడు. "అదే బండి, అదే రోడ్డు. ఇందాకెట్ల చెదిరింది?"

పిచ్చయ్య నోరు తెరిచాడు. భద్రు ముందే అనేశాడు. "గాలి తమ్మీ. టైర్లల్ల గాలి రాయి లెక్కున్నది. బైపాస్ కాడ దింపిచ్చినం. ఇగ చూడు."

వీరేందర్ టైరును బూటుతో తన్ని చూశాడు. "గట్లనా," అన్నాడు. ముఖం కొంచెం తెరిపిన పడింది. "అయితే శుక్రవారం పోవుడే."

హేమ్లి మొగుడి వైపు చూసింది. టైర్ల వైపు చూసింది. ఖాళీ గంప నెత్తికెత్తుకుని ఆటో ఎక్కింది.

పిచ్చయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు.

అరుణశ్రీ ముంతను లోపలికి తీసుకుపోయింది. "అత్తమ్మా, ఇటు తిరిగి చూడు. లారీల రోడ్డు మీద పోయొచ్చిన పెరుగు. ఇంత గూడ చెదరలే."

బతుకమ్మ తిరిగింది. ముంతలోకి చూసింది.

"ఎవరు నడిపిండ్రు?"

"ఫస్ట్ మామయ్య నడిపిండు. అప్పుడు చెదిరింది. టైర్ల గాలి దింపినంక భద్రన్న నడిపిండు."

"మీ మామను రమ్మను."

పిచ్చయ్య వచ్చాడు. అరుణశ్రీ తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. ఫ్యాను తిరుగుతోంది.

"బండి మంచిదే," అంది బతుకమ్మ. "నాకు ఆదివారమే తెలుసు."

"మరి ఎక్కనంటివి?"

"ఇంకేమనాలె?"

పిచ్చయ్య మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"రెండేండ్ల సంది నీ కుడికాలి చెప్పు ఏడ పడితే ఆడ పోతున్నది," అంది ఆమె. "బజార్ల, బాయికాడ, పెండ్లికి పోతే పెండ్లికాడ. నేను తెచ్చి ఎడమదాని పక్కన పెడుతున్న. నువ్వే విడిచిన అనుకుంటున్నవ్. నేను పడ్డంక తెచ్చేటోళ్లు లేరు. ఇప్పుడు కూడ ఒక్క చెప్పుతోనే వచ్చినవ్. చూసుకో."

ఆయన చూసుకున్నాడు. నిజమే.

"ఆదివారమే చెప్తే అయిపోవు గద."

"చెప్తే కొడుకు తాళం గుంజుకుంటడు."

"గుంజుకోనీ."

"గట్లనే అంటవ్." బతుకమ్మ పైకప్పు వైపు చూసింది. "పెనుబల్లి మలుపు కాడ నువ్వు పాట తీసినవ్. మాటల్లేవు, ఊరికే రాగం. నీకు తెల్వదు. కాపురానికి వచ్చిన కాడికెళ్లి నీ నోట్ల పాట ఇనలే నేను. ఎనక పండుకొని ఇన్న. ప్రతి బ్రేకుకూ కడ్డీలు పొడుస్తనే ఉన్నయ్. ఆపుమందామనుకున్న. నోరు రాలే."

ముంత మీద ఈగ వాలితే పిచ్చయ్య తోలాడు.

"శుక్రవారం వస్త," అంది ఆమె. "నువ్వు నడిపితేనే."

"భద్రు నడుపుతడు."

"భద్రు నడిపితే నేను రాను."

"నీ నడుమో?"

"నా నడుము సంగతి నాది. ఇంట్ల ఒకల కాళ్లు పోయినయ్. ఒకలకన్న ఏదన్న ఒకటి మిగలాలె."

ఆమె మళ్లీ గోడవైపు తిరిగింది.

*

శుక్రవారం పొద్దున ఏడింటికి వీరేందర్ తల్లిని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాడు. అరుణశ్రీ నడుము కింద రెండు దిండ్లు సర్దింది. అద్దం మీది వాడిన దండ తీసేసింది. భద్రు ఆటో పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవకుండానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

పిచ్చయ్య తాళం పట్టుకుని ఇంట్లోంచి వచ్చాడు. మూడు మెట్లు దిగాడు. వాకిట్లో నిన్న పోయించిన కంకర మీదుగా కారు దాకా నడిచాడు.

"నాన్నా, చెప్పు," అన్నాడు వీరేందర్.

కుడి చెప్పు పైమెట్టు మీదే ఉంది.

వీరేందర్ పోయి తెచ్చాడు. నవ్వుతూనే తండ్రి ముందు వంగాడు. "కారంటే ఇంత తొందరనా? కాలు ఇయ్యి," అంటూ పాదం ఎత్తాడు. ఎత్తి, అలాగే ఉండిపోయాడు.

బొటనవేలి కింద కంకర పలుకు దిగి ఉంది. మెట్టు నుంచి కారు దాకా కంకర మీద అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రటి చుక్కలున్నాయి.

"నొస్తలేదా నాన్నా?"

పిచ్చయ్య కాలు వైపు చూశాడు. అది ఇంకెవరి కాలో అన్నట్టు చూశాడు.

వెనక సీట్లోంచి బతుకమ్మ గొంతు గబగబా వచ్చింది. "నొస్తున్నదిరా. మీ నాయన ఎన్నడన్న నొస్తుందని చెప్పిండా? గుడ్డ కట్టు, పోదాం. ఆలస్యమైతున్నది."

భద్రు తల దించుకున్నాడు.

వీరేందర్ పలుకు పట్టుకుని పీకాడు. పీకుతూ తండ్రి ముఖమే చూశాడు. ఆ ముఖంలో ఏమీ కదలలేదు.

"నాన్నా. నిన్నే అడుగుతున్న. నొచ్చిందా?"

కారు తలుపులు రెండూ తెరిచే ఉన్నాయి. ముందుదీ, వెనకదీ.

"నొస్తలేదు," అన్నాడు పిచ్చయ్య.

వీరేందర్ మెల్లగా లేచి నిలబడ్డాడు. టైర్ల వైపు చూశాడు. భద్రు వైపు చూశాడు. అరచెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యి నాన్నా."

పిచ్చయ్య తాళం ఉన్న చెయ్యి లేచింది.

"ఇయ్యకు," అన్నది బతుకమ్మ.